వరద కాల్షీట్ ఇవ్వదు

రాజమండ్రి కోటగుమ్మం పక్క సందులో ఓ మేడ మీద గది. కింది వాటాలో పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తారు, పైన కెమెరాలు అద్దెకిస్తారు. గోడవారన ఇనప బీరువాలో లెన్సులు, వాటి మధ్య సిలికా జెల్ పొట్లాలు, మూలన రాత్రీపగలూ వెలిగే చిన్న బల్బు. ఏటిగాలి తేమకి లెన్సు లోపల బూజు పట్టకుండా మావయ్య చేసుకున్న ఏర్పాటది. ఆయన కుర్రతనంలో మద్రాసు వెళ్ళి ఫోకస్ పుల్లర్‌గా పనిచేశాడు. సినిమా హైదరాబాదుకి మకాం మార్చినప్పుడు తను మాత్రం గోదావరికి తిరిగొచ్చేశాడు. బల్ల మీద ఓ పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. తీసుకున్న తేదీ, తిరిగిచ్చే తేదీ రాయందే ఏ కెమెరా ఆ గడప దాటదు.

మేనకోడలిది సఖినేటిపల్లి. ఇప్పటికి మూడు షార్ట్ ఫిల్ములు తీసింది. నాలుగోది రెండు గంటల సినిమా. సఖినేటిపల్లి రేవులో బయల్దేరి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం చేరే పంటు మీద టిక్కెట్లు కోసే ఆడమనిషి కథ. స్క్రిప్టు పూర్తయింది. డబ్బు సగం పోగైంది.

"కొనేద్దామనుకుంటున్నా మావయ్యా" అంది మెట్లెక్కి రాగానే.

"దేన్నే? పంటునా?"

"కెమెరాని."

ఫోను తీసి చూపించింది. 2025 సెప్టెంబరు 10న నికాన్ ప్రకటించిన జెడ్‌ఆర్. అప్పటికి దుకాణాల్లోకి ఇంకా రాలేదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు, 6కె బొమ్మ, సెకనుకి 60 ఫ్రేముల దాకా, సెన్సరు చూసింది చూసినట్టే దాచే రా రికార్డింగు, వెనక నాలుగంగుళాల తెర. బాడీ ఒక్కటీ తూస్తే అరకిలోకి కాస్త పైన, 540 గ్రాములు. అమెరికాలో పెట్టిన ధర 2,199 డాలర్ల 95 సెంట్లు. మారకం లెక్క కడితే రెండు లక్షల రూపాయలకి కాస్త అటూ ఇటూ, పన్నులు వేరే. మావయ్య కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఆయన చూపు ధర దగ్గర ఆగలేదు, బాడీ మీదున్న చిన్న ఎర్రక్షరాల దగ్గర ఆగింది.

"రెడ్ అని రాసుందేంటే దీని మీద?"

అదో కథ. 2006లో రెడ్ కంపెనీ తన మొదటి కెమెరాకి 17,500 డాలర్ల ధర ప్రకటించినప్పుడు, సినిమా కెమెరా అంటే అద్దెకి తెచ్చుకునేదే తప్ప కొనుక్కునేది కాదన్న నమ్మకం కదిలింది. బొమ్మని రా రూపంలోనే కుదించి కెమెరా లోపలే దాచే పద్ధతి మీద ఆ కంపెనీకి పేటెంట్లున్నాయి. నికాన్ ఆ పద్ధతిని తన జెడ్9 కెమెరాలో వాడిందని 2022లో రెడ్ దావా వేసింది. మరుసటేడు ఇద్దరూ కలిసి దావా ఉపసంహరించుకున్నారు. 2024 మార్చిలో, రెడ్‌ని తానే కొనేస్తున్నట్టు నికాన్ ప్రకటించింది. ఆ కొనుగోలు తర్వాత రెండు పేర్లూ కలిసి వచ్చిన మొదటి కెమెరా ఈ జెడ్‌ఆర్.

"అంటే కోర్టుకెక్కిన వాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నారన్నమాట" అన్నాడు మావయ్య. "పెళ్ళిపందిరి బాగానే ఉంది. కాపురం మాటేంటి? పెద్ద రెడ్ కెమెరాల్లో ఆర్3డి ఫైలు 16 బిట్లు. ఇందులో ఆర్3డి ఎన్‌ఈ అని ఇంకో పేరు పెట్టారు, అది 12 బిట్లు. ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన ఆస్తి ఒక్కటవదమ్మా."

"12 బిట్లు నాకు చాలు. రంగులు, గామా రెడ్ లెక్కలోనే వస్తాయి. పెద్ద రెడ్ బొమ్మా ఇదీ రంగులు సరిదిద్దే డీఐలో పక్కపక్కన పెట్టుకోవచ్చు."

"నీ సినిమాలో పెద్ద రెడ్ ఎక్కడుందే?"

ఆమె నవ్వేసింది. అక్కడ మాత్రం ఆయనదే పైచేయి.

మావయ్య అసలు అభ్యంతరం అంకెల మీద. ఊళ్ళో ఏ హాల్లో వేసినా చివరికి తెర మీదకొచ్చేది డీసీపీ అనే డిజిటల్ కాపీ. ఎక్కువ హాళ్ళలో అది 2కె, అంటే అడ్డంగా 2,048 చుక్కలు. 6కెలో తీస్తే అడ్డంగా ఆరువేల పైచిలుకు. "మూడింతలు తీసి రెండొంతులు పారబొయ్యడానికా ఈ ఖర్చు? దానికి తోడు ప్రొజెక్షన్‌కి వీపీఎఫ్ అని వారంవారం కట్టాలి. చిన్న సినిమా నడుం విరిగేది కెమెరా దగ్గర కాదే, హాలు దగ్గర."

హాళ్ళ సంగతి ఆమె కాదనలేదు. చుక్కల సంగతి మాత్రం ఒప్పుకోలేదు. సెన్సరు మీద ప్రతి చుక్కా ఒక్క రంగునే చూస్తుంది, ఎరుపో పచ్చో నీలమో. మిగతా రెండూ పక్కచుక్కల్ని చూసి లెక్క గట్టుకోవాలి. అందుకే 6కెలో తీసి 4కెకో 2కెకో దించితే గళ్ళచీర మెరమెరలాడదు, కొబ్బరాకు అంచు పళ్ళు పళ్ళుగా కనబడదు. "పైగా నేనొక్కదాన్నే తీస్తున్నాను. పంటు ఊగుతున్నప్పుడు ఫ్రేము అటూఇటూ పోతే, ఎడిటింగులో లోపలికి జరుపుకోడానికి చోటుంటుంది."

"జరుపుకోడానికి చోటుందనుకుంటే ఫ్రేము పెట్టడం మర్చిపోతావు."

"నీకు ఫ్రేము పెట్టడానికి వేరే మనిషుండేవాడు మావయ్యా. ఫోకస్ తిప్పడానికి నువ్వుండేవాడివి. నాకెవరున్నారు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నటుడి ముక్కు నుంచి లెన్సు దాకా టేపు పట్టి కొలిచి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, మనిషి నడుస్తుంటే గుర్తుకో గీత చొప్పున రింగు తిప్పడం ఆయన పని. జెడ్‌ఆర్ ఆ పని తానే చేస్తుంది. రా తీస్తున్నప్పుడు కూడా కంటిని పట్టుకుని వదలదు. మావయ్య బీరువాలో ఉన్న బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కె అలా వెంటాడలేదు. మీట నొక్కితే ఒకసారి ఫోకస్ చేసి ఊరుకుంటుంది.

"కంటిని పడుతుంది, సరే. పంటు మీద ఎన్ని కళ్ళుంటాయి? నీ టిక్కెట్లమ్మాయి వెనక్కి తిరిగి ఏటిని చూస్తున్నప్పుడు కంటి కోసం వెతికి, మేకని పట్టుకున్న ముసలాయన దగ్గరికి పోతుంది. మేక కంటి దగ్గరికైనా పోతుంది. మనం ఎవరి మీద ఉండాలో కథకి తెలుస్తుంది గానీ కెమెరాకి తెలీదు."

"అప్పుడు చేత్తో తిప్పుకుంటాను."

"తిప్పు. దానికి రింగు సరిగ్గా తిరిగే లెన్సుండాలి." ఆయన లేచి బీరువాలోంచి పాత నిక్కార్ 50 ఎంఎం తీశాడు. 1959లో వచ్చిన ఎఫ్ మౌంటు తరహాది, చేత్తో తిప్పే రకం. జెడ్ మౌంటులో లెన్సు పీఠానికీ సెన్సరుకీ మధ్య 16 మిల్లీమీటర్లే దూరం. అందువల్ల అడాప్టరు వేస్తే పాత లెన్సులు చాలామటుకు దాని మీద కూచుంటాయి. పెళ్ళి ఫొటోలు తీసిన ఊరూరి స్టూడియోల్లో మూలనపడ్డ నిక్కార్లకి ఇదో కొత్త బతుకు. కెమెరా విషయంలో మావయ్య ఎదురు చెప్పకుండా ఒప్పుకున్న మొదటి మంచిగుణం అదే.

ఎండ దగ్గర మళ్ళీ గొడవ.

సినిమా కెమెరాకి షట్టరు సెకనులో సుమారు 50వ వంతు. మార్చితే కదలిక చెడుతుంది. జెడ్‌ఆర్ అసలు ఐఎస్‌ఓలు రెండు, 800, 6400. మిట్టమధ్యాహ్నపు ఎండకి పాత ఫొటోగ్రాఫర్ల లెక్కొకటుంది. ఎఫ్/16 పెట్టుకుంటే ఐఎస్‌ఓ ఎంతో షట్టరు అన్నో వంతు ఉండాలి. ఐఎస్‌ఓ 800కి 800వ వంతు. దాన్ని 50వ వంతుకి తెస్తే నాలుగు స్టాపుల వెలుగు ఎక్కువ, స్టాపుకో రెట్టింపు. వెనకున్న ఏరు మసకై ముఖం విడివడాలని లెన్సుని ఎఫ్/2.8కి తెరిస్తే ఇంకో అయిదు. మొత్తం తొమ్మిది స్టాపులు. అంటే వచ్చిన వెలుగులో అయిదువందల పన్నెండో వంతునే లోపలికి పోనియ్యాలి.

"ఆ వెలుగు తగ్గించే ఎన్డీ ఫిల్టరు దీన్లో లోపలే ఉందా?"

"లేదు."

"వేళ్ళతో తిప్పే వేరియబుల్ ఎన్డీ కొంటానంటావు. తొమ్మిది స్టాపుల చివరికి తిప్పేసరికి చవకరకానిది ఫ్రేము మధ్య నల్లగా అడ్డగుర్తు వేస్తుంది, ఒంటిరంగు పసుపెక్కిస్తుంది. మంచివి కొనాలి, ఒకటి కాదు, మూడు కొనాలి. నువ్వు ఫిల్టరు మార్చేలోపు పంటు నరసాపురం చేరిపోద్ది."

ఆమె దగ్గర దీనికి పెద్ద జవాబు లేదు. ఒక్కరోజు ముందు, సెప్టెంబరు 9న, కెనాన్ ప్రకటించిన సీ50లోనూ లోపల ఎన్డీ లేదు. దానికి ప్రకటించిన ధర 3,899 డాలర్లు. ఫ్యానూ, మైకులు తగిలించుకునే పైపిడీ, సెన్సరు మొత్తం వాడుకునే ఓపెన్ గేటూ దాని అదనాలు. 2024 ఏప్రిల్లో ప్రకటించిన బ్లాక్‌మ్యాజిక్ పిక్సిస్ 6కె ధర అప్పుడు 2,995 డాలర్లు. దాన్లోనూ ఎన్డీ లేదు. ఈ ధరల్లో చాలామంది వదిలేసిన వసతే అది. కోనసీమ ఎండలో తీసేవాళ్ళు ముందుగా అడిగేదీ అదే.

ఫ్యాను మాట వచ్చింది గనక వేడి సంగతీ వచ్చింది. జెడ్‌ఆర్‌లో ఫ్యాను లేదు. 125 నిమిషాల దాకా ఆగకుండా నడుస్తుందన్నది కంపెనీ మాట.

"మే నెల్లో రాజమండ్రి వచ్చి చెప్పమను" అన్నాడు మావయ్య.

నీడ సంగతి వేరు. కొబ్బరితోటలో నేల మీద వెలుగు చిల్లులు చిల్లులుగా పడుతుంది. నీడలో ముఖం నల్లగా, పక్కనే ఎండచుక్క తెల్లగా. రెంటినీ ఒకేసారి పట్టుకోవడమే కెమెరాకి అసలు పరీక్ష. జెడ్‌ఆర్ 15 స్టాపుల పైమాటే చూస్తుందని కంపెనీ ప్రకటన. చార్టు మీద కొలిచిన అంకెకీ చెట్టు కింద చూసే అంకెకీ తేడా ఉంటుందని మావయ్య వాదన. ఆయన మనసులో ఉన్న చెట్టు కొవ్వూరు దగ్గర కుమారదేవంలోది. గట్టు మీద ఏట్లోకి వాలినట్టుండే నిద్రగన్నేరు. దాని కింద ఎన్ని సినిమాలు తీశారో గానీ, జనం దానికి సినిమా చెట్టనే పేరు పెట్టేశారు. ఆ చెట్టు కింద థర్మోకోల్ షీట్లు పట్టుకుని ఎండని వెనక్కి కొట్టిన రోజులు ఆయనకి గుర్తున్నాయి.

"ఆ చెట్టు కిందకి తీసుకెళ్ళి పెట్టమను నీ కెమెరాని, పదిహేనో పన్నెండో తేలిపోద్ది."

"ఏ చెట్టు కింద మావయ్యా? నిరుడు ఆగస్టులో పడిపోయింది కదా."

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. నూటయాభై ఏళ్ళ చెట్టని అందరూ చెప్పుకునే ఆ నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలింది. మోడుకి మళ్ళీ చిగురు తెప్పించాలని ఊరివాళ్ళూ రాజమండ్రివాళ్ళూ ప్రయత్నాలు చేశారు.

"అందుకే కొంటానంటున్నా" అంది ఆమె. గొంతు కాస్త తగ్గింది. "బొమ్మ బాగుంటుందని కాదు."

ఇంతకీ ఆమె వాదం ఇది. అద్దె కెమెరా అంటే వరస రోజులు. ఇరవై రోజులు తీసుకుంటే ఇరవై రోజుల్లో అయిపోవాలి. ఆమె కథ ఇరవై రోజుల్లో జరగదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభలతీర్థంలో ఒక సీను ఉంది. అది ఏడాదికి ఒక్కరోజు. రబీ కోతల మీద ఒక సీను. చివరి సీను వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. నీరు అలా పోటెత్తినప్పుడు కింద రేవుల్లో పంట్లు ఆగిపోతాయి. ఆగిపోయిన పంటు, అవతలి ఒడ్డున బిడ్డ, ఇవతల తల్లి. అదీ ఆమె క్లైమాక్సు. ఆ రోజు ఏ జులైలో వస్తుందో ఏ సెప్టెంబరులో వస్తుందో ఎవరూ చెప్పలేరు. కెమెరా ఇంట్లో ఉంటే బ్యాటరీ పెట్టుకుని రేవుకి పరిగెత్తడమే. అద్దెదైతే, ఫోన్లు చేసి, బయానా కట్టి, బస్సులో వేయించుకుని, అది చేతికొచ్చేసరికి నీరు తీసేస్తుంది.

"హీరోలు కాల్షీట్ ఇస్తారు మావయ్యా, వరద ఇవ్వదు."

అస్సాంలో ఛాయ్‌గావ్ అనే ఊళ్ళో రీమా దాస్ చేసింది ఇదే. తన ఊరు, ఊరిపిల్లలు, కెమెరా తన చేతిలో, ఎడిటింగూ తనదే. ఏళ్ళ తరబడి, వరదొచ్చినప్పుడు వరద, ఎండొచ్చినప్పుడు ఎండ తీసుకుంటూ పోయింది. ఆ విలేజ్ రాక్‌స్టార్స్ 2017లో బయటికొచ్చింది. జాతీయ ఉత్తమచిత్రమైంది. మన దేశం తరఫున ఆస్కారుకి వెళ్ళింది.

మావయ్య ఆ సినిమా చూశాడు. బాగుందన్నాడు కూడా. అయినా తగ్గలేదు.

"పులిదిండి తెలుసా నీకు? ఆత్రేయపురం అవతల. బాపు మొదటి సినిమా సాక్షి అక్కడే తీశారు. 1967లో వచ్చింది. సెట్టు లేదు, ఊరే సెట్టు. సెల్వరాజ్ కెమెరా. తలమీద నెగటివ్ ఖర్చు, వెనక మద్రాసు లాబు. వెయ్యడుగుల రోలు పదకొండు నిమిషాల్లో అయిపోయే రోజులు. అయినా తీశారు. ఎందుకు తీయగలిగారంటే, ఏం తియ్యాలో ముందే తెలుసు. బాపుగారు బొమ్మలు గీసుకుని వచ్చేవారు. వరస రోజులే నీకు లగాము, లగామే నీకు మేలు. నీకు కెమెరా ఇంట్లో ఉందనుకో, రోజూ ఏదో ఒకటి తీస్తావు. మూడేళ్ళ తర్వాత నీ దగ్గర డిస్కులుంటాయి, సినిమా ఉండదు."

డిస్కుల మాట ఆయన ఊరికే అనలేదు. కాగితం లాక్కుని లెక్క వేశాడు. 6కె ఫ్రేములో రెండు కోట్ల చుక్కల పైమాటే. చుక్కకి 12 బిట్లు. కుదించకపోతే ఒక్క ఫ్రేము 31 మెగాబైట్లు, 24 ఫ్రేములకి సెకనుకి 740. నాలుగో వంతుకి కుదించిందనుకుందాం, 185. నిమిషానికి 11 గిగాబైట్లు, గంటకి 660 పైన. రెండు గంటల సినిమాకి పదిహేనింతలు తీస్తే ముప్ఫై గంటలు, ఇరవై టెరాబైట్లు. ఒక కాపీ పోతే ఇంకోటుండాలి గనక నలభై.

"ఇదీ నీ రెండు లక్షల కెమెరా. కార్డు సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బి, మామూలు కార్డు కాదు. పక్కనున్న మైక్రో ఎస్‌డీ సందులో రా రాయదు. నా పాకెట్ 6కె చూడు, 12:1 పెట్టుకుంటే సెకనుకి 30 ఫ్రేముల దగ్గర కూడా 81 మెగాబైట్లే. మామూలు ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే చాలు. ఇదీ 2019లో వచ్చినప్పుడు విప్లవమే అన్నారు, 2,495 డాలర్లని. ఇప్పుడు చూడు, నా బీరువాలో కూచుని అద్దె తెచ్చుకుంటోంది."

"అన్ని సీన్లూ రాలో తీస్తానని ఎవరన్నారు? పగటి సీన్లు ఎక్కువ కుదించే హెచ్.265లో తీస్తాను. ప్రభలతీర్థం రాత్రి, వరద, ఈ రెండే రాలో. నీ పదిహేనింతలు కూడా నాకొద్దు. ఎనిమిదింతలు."

"ఎనిమిదికి కట్టుబడితే నా చెవి కోసిస్తా."

ఇక్కడ ఇద్దరి లెక్కా పూర్తిగా తప్పు కాదు. బాడీ ధర పడిపోయినంత వేగంగా దాని చుట్టూ ఉన్నవాటి ధర పడలేదు. ఇండిపెండెంట్ సినిమాకి చవక కెమెరా వచ్చిందన్న ప్రతిసారీ ఖర్చు మాయం కాలేదు, బాడీలోంచి బయటికి జరిగింది. కార్డులకి, డిస్కులకి, ఫిల్టర్లకి, డీఐకి. ఆ జరగడంలో ఎవరికి లాభమన్నదే ప్రశ్న. 2011లో రామ్‌గోపాల్ వర్మ దొంగల ముఠాని కెనాన్ 5డి స్టిల్ కెమెరాలతో అయిదు రోజుల్లో తీసేశాడు. అందులో రవితేజ ఉన్నాడు. అంటే కెమెరా ఖర్చు మిగిలింది గానీ జనాన్ని హాలుకి తెచ్చే ముఖం ముందే ఉంది. 2023 నాటి హాలీవుడ్ సినిమా ద క్రియేటర్‌ని సోనీ ఎఫ్ఎక్స్3తో తీశారు. అప్పటికి దాని ధర నాలుగు వేల డాలర్ల లోపే. సినిమా బడ్జెట్ మాత్రం 8 కోట్ల డాలర్లు. మేనకోడలు ఆ ఉదాహరణ తెచ్చినప్పుడు మావయ్య ఒక్కమాటన్నాడు.

"ఆ ఎనిమిది కోట్లు ఇటు తెచ్చెయ్, ఫోనుతో తీసిపెడతా."

"ఫోనుతోనూ తీశారు. 2015లో టాంజరీన్. మూడు ఐఫోన్ 5ఎస్‌లు."

"చూశావా మరి! నువ్వే చెప్తున్నావు, కెమెరా కాదని."

"కెమెరా కాదనే నేనూ చెప్తున్నా. రోజులు అంటున్నా. ఫోను వాళ్ళ జేబులో ఉంది, అందుకే తియ్యగలిగారు. సినిమా బండి చూశావుగా? ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా. ఆ కెమెరా ఉన్నన్నాళ్ళే ఊరంతా సినిమా తీస్తుంది. దాని సొంతదారు వెతుక్కుంటూ వస్తే ఏమవుతుందోనని చూస్తున్నంతసేపూ నాకు భయమే. అద్దె కెమెరాతో తీసేవాళ్ళ భయం అదే మావయ్యా."

2021లో ప్రవీణ్ కండ్రేగుల తీసిన ఆ సినిమాని మావయ్య ఇంట్లో అందరితో కూచుని చూసి తెగ నవ్వాడు. ఈ కోణం ఆయనకి తట్టలేదు. జవాబు వెంటనే రాలేదు. టీ తెప్పించాడు.

టీ తాగుతూ శబ్దం దగ్గరికొచ్చారు. ఇద్దరూ ఎక్కువసేపు ఆగిన చోటు ఇదే. జెడ్‌ఆర్ 32 బిట్ ఫ్లోట్‌లో శబ్దం కెమెరాలోనే రాస్తుంది. ఈ జాతి కెమెరాల్లో ఇది మొదటిదన్నది కంపెనీ మాట. మామూలుగా స్థాయి ముందే సరిచూసుకోవాలి. ఎక్కువ పెడితే అరుపు పగిలిపోతుంది, తక్కువ పెడితే గుసగుస హోరులో కలిసిపోతుంది. 32 బిట్ ఫ్లోట్‌లో గుసగుసా అరుపూ రెండూ ఇముడుతాయి. స్థాయి తర్వాత సర్దుకోవచ్చు. మనిషి తక్కువైన యూనిట్‌కి ఇది చిన్న వరం కాదు.

"ఇది మాత్రం మాకు లేదే" అన్నాడు మావయ్య. ఆరిఫ్లెక్స్ 2సి నడుస్తుంటే కుట్టుమిషను పక్కన కూచున్నట్టుండేది. అవుట్‌డోర్‌లో ఎవరేం మాట్లాడినా మద్రాసు వెళ్ళాక డబ్బింగే. "మా సినిమాల్లో గోదావరి కనబడుద్ది గానీ వినబడదు. వినబడేది సౌండు స్టూడియోలో బేసిన్ నీళ్ళు."

ఆ మాటని ఆమె ఫోనులో రాసుకుంది.

కానీ అక్కడా ఆయన ఊరుకోలేదు. పంటు డీజిలింజను హోరుని 32 బిట్లు పగలకుండా పట్టుకుంటాయే గానీ తగ్గించవు. గాలి మైకుకి కొడితే ఆ దెబ్బ మైకు దగ్గరే పడుతుంది, ఎన్ని బిట్లున్నా బాగుపడదు. మైకు మనిషికి మూరెడు దూరంలో ఉందా లేదా అన్నదే లెక్క. కంచరపాలెంలో ఊరిజనం నోటి మాటని అక్కడికక్కడే రికార్డు చేసి వెంకటేష్ మహా 2018లో కేరాఫ్ కంచరపాలెం తెచ్చినప్పుడు, చూసినవాళ్ళకి ఆ మాటలు పక్కింట్లోంచి వచ్చినట్టున్నాయి. ఆ సినిమా ఏ కెమెరాతో తీశారని ఊళ్ళో ఎవరూ అడగలేదు.

"అయితే నీ సలహా?"

మావయ్య బిల్లు పుస్తకం తిప్పి వెనక రాశాడు. కెమెరా దుకాణాల్లోకి వచ్చాక హైదరాబాదు నుంచి రెండు రోజులకి తెప్పిద్దాం. మొదటి పరీక్ష పుష్కరఘాట్‌లో. ఆర్చి వంతెన మీద రైలు పోతుంటే కెమెరా అడ్డంగా తిప్పాలి, కమ్మీలు వాలిపోతున్నాయా నిలబడుతున్నాయా చూడాలి. రెండోది కొబ్బరితోటలో పన్నెండు గంటలకి, ఎన్డీలన్నీ వేసి, ఒంటిరంగు చూడాలి. మూడోది రాత్రి రేవులో, 6400 ఐఎస్‌ఓలో, పంటు లైటు తప్ప ఇంకో లైటు లేకుండా. నాలుగోది ఎండలో గొడుగు లేకుండా గంటసేపు ఆపకుండా. అయిదోది పంటు మీద శబ్దం. ఆరోది, ఆ రెండు రోజుల ఫైళ్ళూ ఇంట్లో ఉన్న ఆమె కంప్యూటరు మీద తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే కంప్యూటరు ధర కూడా కెమెరా ధరలో కలపాలి.

"ఈ ఆరూ గట్టెక్కితే?"

"గట్టెక్కినా అద్దెకే తీసుకోమంటాను. నిడమర్తి సూరయ్యగారు 1936లో ఈ ఊళ్ళోనే దుర్గా సినీటోన్ స్టూడియో కట్టారు. ఆంధ్రదేశంలో అదే మొదటిది. కెమెరాలు, లైట్లు, అన్నీ సొంతం. ఎన్నాళ్ళుంది?"

"ఆయన కట్టబట్టే కదా ఇప్పటికీ చెప్పుకుంటున్నావు!"

ఫోను మోగింది. సఖినేటిపల్లి నుంచి వాళ్ళమ్మ. ఎగువన వానలు గట్టిగా పడ్డాయట, నీరు మళ్ళీ లేస్తోందట. రేవులో నాలుగు మెట్లు మునిగాయి. రేప్పొద్దున పంటు ఆపేస్తారని అనుకుంటున్నారట.

ఆమె మావయ్య వంక చూసింది. దుకాణాల్లోకి రాని కెమెరా ఫోను తెర మీద మెరుస్తోంది.

మావయ్య ఏమీ అనలేదు. బీరువా తెరిచి పాకెట్ 6కె తీశాడు. అది బ్యాటరీలు తాగేస్తుంది గనక ఆరు బ్యాటరీలు, రెండు ఎస్‌ఎస్‌డీలు, మూడు ఎన్డీలు, ఒక గన్ మైకు, దానికి బొచ్చుతొడుగు, వాన పడితే కప్పడానికి ప్లాస్టిక్ కవరు. లెన్సుల్లో ఒకటి తీసి, ఆలోచించి, లోపల పెట్టేసి, వెడల్పుది ఇంకోటి తీశాడు. సంచిలో అన్నీ సర్ది పైన రెండు సిలికా జెల్ పొట్లాలు పడేశాడు. ఆమె రాజోలు బస్సు టైము చూసుకుంటోంది.

తర్వాత రిజిస్టరు ముందుకు లాక్కుని వస్తువులు ఒక్కొక్కటీ రాశాడు. తీసుకున్న తేదీ వేశాడు. పక్కగడి దగ్గర పెన్ను ఆపి, కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, గడి ఖాళీగా వదిలేసి, సంతకానికి పుస్తకం ఆమె వైపు తిప్పాడు.